దానాలు చెల్లవు

బెడ్‌ఫర్డ్, ఇండియానా
25 అక్టోబరు 1993

అక్కా,

నిన్న ఆర్విల్ సెలూన్‌లో మన బాస్కెట్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్ ముగిసింది. ఎనిమిది జట్లు, జట్టుకి ఎనిమిది మంది చొప్పున అరవై నాలుగు పేర్లు పంచుకునేసరికి సాయంత్రం ఆరయింది. నువ్వు పంపిన సీలు కవరును ఆర్విల్ అందరి ముందూ గడ్డం గీసే కత్తితో కోశాడు. "దులూత్ నుంచి నడీన్ గారి జాబితా. ముందుగా ఎవడూ తొంగిచూడలేదు, మీరంతా సాక్షులు" అని కోర్టు గుమాస్తాలా అరిచాడు. నీ వంతు వచ్చినప్పుడల్లా ఆ జాబితాలో ఇంకా మిగిలున్న మొదటి పేరు చదివాడు.

చీటీలు తీస్తే మొదటి వంతు నాకొచ్చింది, రెండోది నీకు. నేను శాక్రమెంటో గార్డు కర్టిస్ ఎంబ్రీని తీసుకున్నాను. షాపులో కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. డాలింజర్ కుర్చీలోంచి సగం లేచి, "ఒరే, డెల్రాయ్ పిట్స్‌ని వదిలేశావేంట్రా? మందుల మత్తులో ఉన్నావా?" అన్నాడు. ఎందుకో ఆ క్షణానికి ఎంబ్రీ మీదకి బుద్ధి పోయింది, అంతే. పిట్స్ నీకు దక్కాడు. దేశం మొత్తం మీద అంతటి సెంటర్ లేడు, సంతోషించు.

పోయిన మంగళవారం చెకప్‌కి ఇండియానాపొలిస్ వెళ్తే, నా ఒళ్ళో కాగితాలు చూసి కొత్త నర్సు ఏమిటవని అడిగింది. చెప్పాను. ఆటగాళ్ళు నిజం వాళ్ళే, జట్లు మాత్రం మావి. మేం ఏరుకున్న వాళ్ళు నిజం మ్యాచ్‌ల్లో చేసిన పాయింట్లు, రిబౌండ్లు, అసిస్టులు పేపర్లో పడతాయి. ఆర్విల్ వాటిని కూడతాడు. ప్రతి వారం ఇద్దరిద్దరికి పోటీ, వారం చివర ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. ఆఖరి వారం పైనున్న ఇద్దరికీ ఫైనల్. ఆవిడ అంతా విని, "అంటే మీలో ఎవరూ బంతి ముట్టుకోరన్నమాట" అంది. ముట్టుకుంటే మేం ఇన్నేళ్ళు బతికుండేవాళ్ళం కాదన్నాను.

నీ కిడ్నీ నా ఒంట్లో గుర్రంలా పనిచేస్తోంది. డాక్టరు అంకెలు చూసి ఈల వేశాడు. పొద్దున్న లేచి బాత్రూంకి వెళ్ళిన ప్రతిసారీ నిన్ను తలుచుకుంటున్నాను. ఇది మర్యాదగా చెప్పే పద్ధతి నాకు తెలీదు. ఫోన్‌లో చెప్పబోతే పెట్టేస్తున్నావు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. థాంక్స్ అక్కా. చాలా థాంక్స్.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
వెర్నన్

*

దులూత్, మిన్నెసోటా
3 నవంబరు 1993

ఒరే వెర్నన్,

బుద్ధి పోయిందా? నీ బుద్ధి ఎక్కడికి పోతుందో నాకు తెలీదనుకున్నావా? పన్నెండేళ్ళుగా ఈ లీగ్ ఆడుతున్నాం. మొదటి వంతు నీకొచ్చిన ఏడాది ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ వాళ్ళకి కావలసినవాణ్ణే లాక్కున్న మనిషివి నువ్వు. నా జాబితాలో మొదటి పేరు పిట్స్ అని నీకు తెలియకపోవడమేంటి? వేసవంతా ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని వాడి గురించి తప్ప ఇంకేం మాట్లాడాను?

నువ్వు నాకు పిట్స్‌ని దానం చేశావు. ఆ మాట కాగితం మీద పెడుతున్నాను, ఎందుకంటే మన ఏడో నిబంధన నీచేత ఇంకోసారి చదివించాలి. "ఏ బేరంలోనైనా ఇద్దరూ ఎదుటివాడికి టోపీ పెట్టామని మనస్ఫూర్తిగా నమ్మాలి. దానాలు చెల్లవు." రాసింది ఆర్విలే అయినా, పక్కన కూర్చుని చెప్పి రాయించింది నువ్వు.

థాంక్సుల సంగతి. ఆగస్టులోనే చెప్పాను, ఒక్కసారి చెప్తే చాలు, చెప్పావు, విన్నాను. ఆ తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేసి నాలుగుసార్లూ అదే పాట. అందుకే పెట్టేశాను. ఉత్తరాన్ని పెట్టెయ్యడానికి లేదు కాబట్టి ఆ పేరా మీద కాఫీ కప్పు పెట్టుకుని మిగతాది చదువుకున్నాను.

నేను బాగానే ఉన్నాను. స్కూలు బస్సు మళ్ళీ నడుపుతున్నాను. ఇక్కడ అప్పుడే మంచు పడింది. కొండ దిగువన మలుపులో బస్సు కొంచెం జారితే వెనక పిల్లలంతా ఇంకోసారి, ఇంకోసారి అని గోల. మీ బావ రేనో వారానికి మూడుసార్లు ఆవిరి గది వేడి చేస్తున్నాడు. ఆపరేషన్ కోత దగ్గర వేడి తగిలితే హాయిగా ఉంటుంది. అంతకు మించి చెప్పడానికేం లేదు, అడక్కు.

వచ్చే వారం నీతో నాకు పోటీ పడింది. తుక్కు రేగ్గొడతాను.

నడీన్

*

బెడ్‌ఫర్డ్
28 నవంబరు 1993

అక్కా,

తుక్కు రేగ్గొట్టావు. తొంభై పాయింట్ల తేడా! ఆర్విల్ ఫలితాల షీటు మీద నీ పేరు పక్కన ఎర్ర పెన్సిల్‌తో కిరీటం గీశాడు. నీకు పంపిన కార్బన్ కాపీలో ఎరుపు పడదు కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి, నువ్వెలాగూ ఆర్విల్ నోట వింటావు కాబట్టి నేనే చెప్పేస్తాను. శనివారం ఒక మార్పిడి ప్రతిపాదించాను. నా వాల్కాట్‌ని నీకిచ్చి, నీ ల్యాండ్రమ్‌ని నేను తీసుకుంటానన్నాను. వాల్కాట్ లీగ్‌లో మూడో మేటి ఫార్వర్డ్ అనీ, ల్యాండ్రమ్ కాలి వేలు విరిగి ఇంట్లో కూర్చున్నాడనీ నాకు తెలుసు. ముందు నీకు రాయలేదు. రాస్తే వద్దంటావని.

సెలూన్‌లో విచారణ పెట్టారు. మనిద్దరం కాక మిగతా ఆరుగురూ ఓటర్లు. ఆర్విల్ నన్ను గడ్డం కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ చుట్టి మరీ అడిగాడు.

"వెర్నన్, ల్యాండ్రమ్‌లో నీకేం కనబడింది?"

"వాడి నడక నచ్చింది."

"వాడు నడవట్లేదు కదరా. చంకలో కర్రలున్నాయి."

"కర్రలతో కూడా బాగా నడుస్తాడు."

నవ్వులు. డాలింజర్ మాత్రం నవ్వలేదు. "చూడు, మీ అక్క నీకేం ఇచ్చిందో ఊరందరికీ తెలుసు. నీ స్థానంలో ఉంటే నేనూ ఇదే చేసేవాణ్ణి. కానీ ఈ లీగ్‌ని అందులోకి లాగకు" అన్నాడు. ఆరుకి ఆరు ఓట్లూ వ్యతిరేకం. ఆర్విల్ నా కాగితం మీద అడ్డంగా "దానం" అని రాసి తిరిగిచ్చాడు.

అక్కా, నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ ఒక్క మాట వినిపించుకో. దేవుడు నీకు రెండిస్తే ఒకటి కోయించుకుని నాకిచ్చావు. నేను మాత్రం పొద్దున్నే లేచి, ఎండ చూసి, పాట్సీ చేసిన ఉప్పులేని చప్పిడి కూడు తిని, పేపర్లో అంకెలు చూసుకుంటున్నాను. ఇవన్నీ నీవి. ఏమిచ్చి సమానం చెయ్యను? నా దగ్గర మంచి వస్తువంటూ ఏముంది చెప్పు? రాళ్ళ మిల్లు ఉద్యోగం, పాత ట్రక్కు, వాల్కాట్. నువ్వు పుచ్చుకునేది ఏదైనా ఉంటే అది వాల్కాటే అనుకున్నాను.

నీ తమ్ముడు
వెర్నన్

*

దులూత్
8 డిసెంబరు 1993

వెర్నన్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు వంటింట్లో గిన్నెలు విసిరి పెట్టాను. రేనో వచ్చి, "మీ తమ్ముడికి బాలేదా?" అన్నాడు. "బాగానే ఉన్నాడు, అదే గొడవ" అన్నాను.

విను. కోపంగా రాస్తున్నాను, కానీ ప్రతి మాటా ఆలోచించే రాస్తున్నాను.

1988 గుర్తుందా? జనవరిలో నాకు బ్రాన్సన్ టేట్‌ని అంటగట్టావు. "అక్కా, నీ మీద ప్రేమకొద్దీ ఇస్తున్నాను, మనసు మారకముందే సంతకం పెట్టు" అని రాశావు. వాడి మోకాలు పోయిందని అంతకు ముందు రోజు పొద్దున్నే మీ ఊరి రేడియోలో చెప్పారు, మా దగ్గర పేపర్లో రెండు రోజులు ఆలస్యంగా వేశారు. పదకొండు పాయింట్లతో కప్పు పోయింది నాకు. వారం రోజులు నీ ఫొటో బోర్లా తిప్పి పెట్టాను. ఆ వారంలో నాకు నీ మీద ఉన్నంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ లేదు. ఆ మాట ఇన్నేళ్ళలో నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

ఆపరేషన్ దగ్గర్నుంచీ నేను ఏమన్నా నువ్వు తలూపుతున్నావు. సెప్టెంబరులో కావాలనే నీ ట్రక్కు రంగు దరిద్రంగా ఉందన్నాను. "అవునక్కా, మార్పిస్తాను" అన్నావు. నువ్వు నన్ను ఒక చర్చిలో పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నావు. నాకు చర్చి వద్దు. ఎదురుగా కుర్చీ వేసుకుని నా పేక ముక్కలు దొంగచాటుగా చూసే తమ్ముడు కావాలి.

నేను కిడ్నీ ఇచ్చింది ఆ దొంగవెధవకి. వాడు బతకాలని ఇచ్చాను. వాడి బదులు ఈ మంచివాడెవడో బతికి బయటికొచ్చాడు. ఇతను నాకు తెలీదు.

వాల్కాట్‌ని నీ దగ్గరే పెట్టుకో. నన్ను ఓడించడానికి ఆడు. లేదా లీగ్ మానెయ్, నేనూ మానేస్తాను.

నడీన్

*

దులూత్
20 జనవరి 1994

వెర్నన్,

ఆరు వారాలైంది. నేను రాసిన దానికి జవాబు లేదు. మొదటి రెండు వారాలు అలిగావనుకున్నాను, సంతోషించాను కూడా. అలగడమంటే మన పాత పద్ధతే కదా.

కానీ ఆర్విల్ షీట్లు వస్తున్నాయి. వారానికి ఆరుగురిని దింపాలి. నువ్వు మూడు వారాలుగా వాల్కాట్‌ని దింపుతున్నావు. వాల్కాట్‌కి చీలమండ మెలిపడి నెల రోజులు ఆడడని క్రిస్‌మస్ మర్నాడే అన్ని పేపర్లలో వచ్చింది. ఆడనివాణ్ణి దింపి మూడు వారాలు సున్నా తెచ్చుకున్నావు. నాకు తెలిసిన వెర్నన్ జ్వరంలో కూడా ఆ పని చెయ్యడు. నా మీద జాలితో ఓడిపోవాలనుకున్నా నీట్‌గా ఓడిపోతాడు, ఇంత మొరటుగా కాదు.

ఆర్విల్‌కి ఫోన్ చేశాను. ఆ ఆరుగురి పేర్లతో నువ్వు పంపే వారం కార్డులు ఎవరి చేతిరాతలో ఉన్నాయని అడిగాను. చాలాసేపు నసిగాడు. ఆఖరికి, "పాట్సీ రాత అమ్మా. పాత కార్డు చూసి అవే పేర్లు దింపుతున్నట్టుంది, పాపం ఆమెకి తెలీదు. నేనేం చెప్పకూడదన్నారు" అన్నాడు. పాట్సీకి ఫోన్ చేస్తే, "నిద్రపోతున్నారు వదినా" అంది. మధ్యాహ్నం రెండు గంటలకి. ఆదివారం మళ్ళీ చేస్తే మళ్ళీ నిద్ర.

నా కిడ్నీ ఏమైంది వెర్నన్? నిన్ను మోసం చేసిందా?

నన్ను చెడు వార్త నుంచి కాపాడాలని చూడకు. మంచు రోడ్డు మీద యాభై మంది పిల్లల్ని తీసుకెళ్ళేదాన్ని. ముందు ఏముందో తెలిస్తే నేను నడపగలను. తెలియకపోవడమే నా వల్ల కాదు.

అక్క

*

ఇండియానాపొలిస్, ఆస్పత్రి, ఐదో అంతస్తు
27 జనవరి 1994

అక్కా,

పాట్సీని తిట్టకు. నేనే ఒట్టు వేయించుకున్నాను. ఆర్విల్‌ని కూడా తిట్టకు.

క్రిస్‌మస్‌కి నాలుగు రోజుల ముందు కాళ్ళు వాచాయి. బూట్లు పట్టలేదు. ఇక్కడికి తీసుకొచ్చారు. నా ఒళ్ళు నీ కిడ్నీని పరాయిదనుకుని దాని మీద తిరగబడిందట. ఇలా జరుగుతుంటుంది, ఎవరి తప్పూ కాదన్నాడు డాక్టరు. మధ్యలో ఇంటికి పంపారు, ఐదు రోజులకే మళ్ళీ రావాల్సి వచ్చింది. ఈసారి వచ్చి పదకొండు రోజులు. ఏవేవో పెద్ద మందులు ఎక్కించారు. నా ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. పాట్సీ అద్దం తీసి సంచిలో దాచేసింది.

నీకు ఎందుకు చెప్పలేదో చెప్తాను. సిగ్గేసింది. నువ్వు ఒంట్లోంచి తీసి ఇచ్చినదాన్ని ఆరు నెలలు కూడా సరిగా ఉంచుకోలేకపోయానని. నీ డిసెంబరు ఉత్తరం దుప్పటి కింద పెట్టుకుని చదివాను. ఆ దొంగవెధవ కావాలన్నావు. ఆ వారం నాకు పెన్ను పట్టే ఓపిక కూడా లేదు. దొంగ కాదు, మంచివాడు కాదు, ఎవడూ లేడు అక్కా, వాంతులు చేసుకునేవాడొకడు మంచం మీద ఉన్నాడు, అంతే. వాడి గురించి నీకు రాయాలనిపించలేదు.

ఇప్పుడు మంచి మాట. నిన్నటి నుంచి క్రియాటినిన్ అంకెలు దిగుతున్నాయి, అవి ఎంత దిగితే కిడ్నీకి అంత మంచిదట. మందు పట్టిందట. "మీ అక్క కిడ్నీ మొండిది, ఇంకా పోరాడుతోంది" అన్నాడు డాక్టరు. ఆమెను కలిస్తే ఆశ్చర్యపోరు అన్నాను. ఇంకో వారంలో ఇంటికి పంపొచ్చు. పూర్తిగా గట్టెక్కామని మాత్రం మార్చి దాకా చెప్పలేరట. ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

వాల్కాట్ చీలమండ సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలీదు. మూడు వారాలు సున్నాలా! పరువు పోయింది. ఇవాళే ఆర్విల్‌కి కార్డు రాశాను, నా చేత్తో.

వెర్నన్

*

దులూత్
1 ఫిబ్రవరి 1994

నా బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం బస్సు డిపోలో చదివాను. తర్వాత బస్సెక్కి, ఖాళీ సీట్ల మధ్య కూర్చుని గట్టిగా ఏడ్చాను. అంకెలు దిగుతున్నాయన్న చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చదివాను. దేవుడా, దేవుడా అనుకున్నాను. చర్చికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు, అయినా అనుకున్నాను.

నువ్వు సిగ్గుపడ్డానన్నావు. నేనేం అనుకున్నానో తెలుసా? నేను చెడ్డ సరుకు ఇచ్చానేమోనని. షీట్లలో ఆ సున్నాలు చూసినప్పటి నుంచీ అదే. బ్రాన్సన్ టేట్ మోకాల్లాంటి కిడ్నీని నీకు అంటగట్టానేమోనని. నువ్వక్కడ, నేనిక్కడ, ఇద్దరం ఒకే కిడ్నీ గురించి సిగ్గుతో చస్తున్నాం. మన ఇద్దర్నీ కలిపి ఒక తన్ను తన్నాలి.

ఇప్పుడు ఒక పాత సంగతి రాస్తాను, ఒక్కసారే. 1971లో గ్యారీలో నా మొదటి మొగుడి ఇంట్లోంచి బయటపడాలని నీకు ఫోన్ చేశాను. నువ్వు ఏమైందని అడగలేదు. హామండ్‌లో ఏదో చర్చికి మెట్ల రాళ్ళు తీసుకెళ్తున్న మిల్లు ట్రక్కుని తిన్నగా మా గుమ్మం ముందు ఆపావు. ఆ రాళ్ళ మీద నా సోఫా, నా కుట్టు మిషను, నన్ను ఎక్కించుకుని, వాడు వాకిట్లో నిలబడి అరుస్తుంటే హారన్ కొట్టుకుంటూ వెళ్ళావు. చర్చికి మెట్లు ఒక రోజు ఆలస్యమై మేస్త్రీ చేత తిట్లు తిన్నావు. నీకప్పుడు పాతికేళ్ళు. దాని గురించి నేను నీకు ఒక్కసారైనా థాంక్స్ చెప్పానా? నువ్వు అడిగావా? మర్నాడు పొద్దున్నే నా సోఫా పొట్టిగా ఉందని వెక్కిరించావు. ఆ వెక్కిరింపుతోనే నేను మళ్ళీ మనిషినయ్యాను.

అందుచేత మన మధ్య దానం లేదు. ఇప్పుడూ లేదు, అప్పుడూ లేదు. ఈ సంగతి ఇక్కడితో మూసేద్దాం.

తిను. పడుకో. అంకెలు ఏరోజువి ఆరోజు పాట్సీ చేత చెప్పించు. ఒట్లు రద్దు.

అక్క

*

బెడ్‌ఫర్డ్
8 మార్చి 1994

అక్కా,

ఇల్లు చేరి నెలయింది. నిన్నటి చెకప్‌లో గట్టెక్కామన్నారు. డాక్టరు నాతో చెయ్యి కలిపాడు. వచ్చే నెల మిల్లుకి వెళ్ళొచ్చట, బరువులు ఎత్తకుండా. పాట్సీ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి వచ్చింది. నేను విననట్టు పేపర్లో అంకెలు చూసుకున్నాను.

లీగ్ సంగతి. నువ్వు మొదటి స్థానంలో ఉన్నావు, నేను నాలుగులో. మార్పిడులకి ఆఖరి తేదీ పదిహేను. ఒక బేరం చెప్తాను, ఈసారి ముందే రాస్తున్నాను. కర్టిస్ ఎంబ్రీని తీసుకుని డెల్రాయ్ పిట్స్‌ని నాకివ్వు.

ఎందుకంటే నాకు రిబౌండ్లు చేసేవాడు లేడు. నీకు అసిస్టులు చేసేవాడు లేడు. ఫిబ్రవరిలో ఎంబ్రీ మ్యాచ్‌కి సగటున ముప్పై ఏడు తెచ్చాడు, పిట్స్ ముప్పై ఎనిమిది. సమానానికి సమానం. ఇద్దరి ఒంట్లోనూ ఎక్కడా దెబ్బల్లేవు, రేడియోలో నేనేం వినలేదు, కావాలంటే మీ ఊరి ఆటల విలేఖరిని అడుగు.

జవాబు త్వరగా రాయి.

వెర్నన్

*

దులూత్
11 మార్చి 1994

వెర్నన్,

గట్టెక్కామన్న ముక్క రేనోకి చదివి వినిపించాను. మాటలు తక్కువ మనిషి కదా, లేచి వెళ్ళి ఆవిరి గదికి కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. వారానికి సరిపడా కొట్టాడు.

నీ బేరం గురించి రాత్రంతా ఆలోచించాను. నీ వరస తెలుసు కాబట్టి మళ్ళీ ఏదైనా దానం నా ఒళ్ళో పడేస్తున్నావేమోనని భూతద్దం పెట్టి వెతికాను. ఎంబ్రీ అంకెలు నవంబరు నుంచి రాసి చూశాను. పిట్స్ అంకెలూ రాశాను. గాయాలు లేవు. నిజంగానే సమానం. నువ్వు నష్టపోవట్లేదు. నాకు ఊరటగా ఉంది, నిజం చెప్తున్నాను. మొత్తానికి మనిషిలా బేరమాడావు.

ఒప్పుకుంటున్నాను. సంతకం చేసిన కాగితం ఆర్విల్‌కి విడిగా పంపుతున్నాను.

నడీన్

*

బెడ్‌ఫర్డ్
25 ఏప్రిల్ 1994

అక్కా,

ఆర్విల్ ఆఖరి షీటు ఈ కవర్లోనే పెట్టాను, నీ దగ్గరికి నా చేతుల మీదుగా చేరాలని. ముందు అది చూడు. తర్వాత ఇది చదువు.

చూశావా? ఫైనల్లో వెర్నన్ ఆరువందల నలభై, నడీన్ ఐదువందల తొంభై తొమ్మిది. నలభై ఒక్క పాయింట్లు.

నువ్వు ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళు. ఫ్రిజ్ మీద మ్యాచ్‌ల పట్టిక ఉంటుంది, ప్రతి ఏడాదీ అక్కడే అంటిస్తావు. నాలుగో స్థానంలో ఉన్నవాణ్ణి రెండులోకి ఎలా పాక్కుంటూ వచ్చానో అది వేరే కథ. పట్టికలో ఆఖరి వారం చూడు. పిట్స్ ఆడే డెన్వర్‌కి నాలుగు మ్యాచ్‌లున్నాయి. ఎంబ్రీ ఆడే శాక్రమెంటోకి? నువ్వే లెక్కపెట్టు, నాకు సిగ్గేస్తోంది. రెండు. నా పిట్స్ నాలుగు మ్యాచ్‌లు ఆడి నూట యాభై మూడు తెచ్చాడు. నీ ఎంబ్రీ రెండు ఆడి డెబ్బై ఒకటి తెచ్చి, మిగతా వారం కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

ఐదో అంతస్తులో ఆ చివరి వారమంతా మంచం మీద నాకు వేరే పనేముంది? నర్సు తెచ్చిచ్చిన పట్టిక చేతిలో పెట్టుకుని ప్రతి జట్టుకి ప్రతి వారం ఎన్ని మ్యాచ్‌లో లెక్క కట్టాను. జనవరిలోనే తెలుసు నాకు. ఫిబ్రవరి అంతా నోరు మూసుకుని కూర్చున్నాను. మార్చిలో నీకు రాసిన ఉత్తరంలో ఒక్క అబద్ధమూ లేదు, మళ్ళీ చదువుకో. సగటు అన్నాను. మొత్తం అనలేదు.

మార్చిలో ఆ బేరం మీద సెలూన్‌లో జరిగిన విచారణ వినాల్సింది నువ్వు. "ఇందులో టోపీ ఎవరిది రా?" అన్నాడు ఆర్విల్. "చెప్పను" అన్నాను. డాలింజర్ పట్టిక తీసి చూసి, నా ముఖం చూసి, మళ్ళీ పట్టిక చూసి, "వచ్చాడ్రా! మనవాడు వచ్చేశాడు!" అని కేక పెట్టాడు. ఆరు చేతులూ ఒకేసారి లేచాయి. నీకు ఎవరూ చెప్పకూడదని ఆర్విల్ అందరిచేతా ఒట్టేయించాడు. మా అక్కకి పన్నెండేళ్ళ అనుభవం ఉందట, నాలుగుకీ రెండుకీ తేడా తెలీదట. బస్సులో పిల్లల్నైనా సరిగా లెక్కపెడుతున్నావా?

కప్పు మా ఇంట్లో టీవీ మీద పెట్టాను. దాని ఫొటో వచ్చే ఉత్తరంలో పెడతాను, ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి, పట్టిక పక్కన.

క్రియాటినిన్ ఒకటీ పాయింట్ మూడు. ఇవాళ మిల్లులో మొదటి రోజు.

వెర్నన్

*

దులూత్
29 ఏప్రిల్ 1994

ఒరే దొంగా, దరిద్రుడా, పాపిష్టి వెధవా,

పప్పులో కాలేశాను. భూతద్దం పెట్టి దానం కోసం వెతికాను గాని, జేబు పట్టి చూసుకోలేదు. పట్టిక ఫ్రిజ్ మీదే ఉంది. రోజూ పాలు తీస్తూ దాని ముఖం చూస్తూనే ఉన్నాను. ఫ్రిజ్ ముందు నిలబడి రెండు, రెండు, రెండు అని అరుస్తుంటే రేనో పరిగెత్తుకొచ్చాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో అతనికి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి లెక్క సరిచూడ్డానికి. మూడోసారి ఏదో వెలితిగా ఉందనిపించి, వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివాను. నాలుగోసారికి దొరికింది. రెండు పేజీలు రాశావు. ఎక్కడా థాంక్స్ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. వెటకారం, గొప్పలు, నా బస్సు మీద ఎగతాళి, ఒక క్రియాటినిన్, అంతే.

వెర్నన్, జూలైలో మత్తు దిగి కళ్ళు తెరిచినప్పుడు పక్క గదిలో నువ్వు బతికే ఉన్నావన్నారు. అప్పటి నుంచి నీ కోసం ఎదురుచూస్తున్నాను. నిన్న మధ్యాహ్నం పోస్టులో వచ్చావు. ఆ డాక్టర్లకి, పాట్సీకి, నీకు పట్టిక తెచ్చిచ్చిన ఆ నర్సుకి, సెలూన్‌లో చేతులెత్తిన ఆరుగురికి, అందరికీ నా తరఫున చెప్పు, నేను జన్మలో మర్చిపోనని. నీకు మాత్రం ఏమీ చెప్పను.

కప్పు ఫొటో పంపావంటే చింపి పోస్టులో తిప్పి పంపుతాను. అక్టోబరులో నీ తోలు వలుస్తాను. అందాకా బతికుండు. ఆ తర్వాత కూడా.

అక్క